గ్రాంటు ఖర్చు పెట్టే ముందు పైపు లోపలికి చూడండి

పురపాలక సంఘాల చైర్‌పర్సన్లకు, కౌన్సిలర్లకు, కమిషనర్లకు, ఇంజినీరింగ్ విభాగాలకు, మురుగు లైన్ల కోసం గ్రాంట్లు మంజూరు చేసే శాఖల అధికారులకు...

నమస్కారం.

పాతబడిన మురుగు లైన్ల మరమ్మతుకు గ్రాంటు మంజూరైందంటే ఏ ఊరివాళ్లయినా సంతోషిస్తారు. అది పన్నులు కట్టినవాళ్ల సొమ్ము, తిరిగి వాళ్ల వీధి కిందికే వెళ్తోంది. మంజూరు ఉత్తర్వు చేతికందిన రోజుకీ టెండరు పిలిచే రోజుకీ మధ్య ఏం జరగాలో చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఆ గ్రాంటు పనికొస్తుందా, మట్టిపాలవుతుందా అన్నది చాలావరకు అప్పుడే తేలిపోతుంది. నేను మురుగునీటి విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజినీరును. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, దాచుకోను.

నా విన్నపం ఒక్కటే. గ్రాంటులో మొదటి వాటాను పైపులను లోపలినుంచి పరిశీలించడానికి పెట్టండి. ఆ పరిశీలన చేతికొచ్చాకే ఏ వీధిలో ఏ పని చెయ్యాలో తేల్చండి. గ్రాంటు ఇచ్చేవారు కూడా పరిశీలనను అసలు పనిలో భాగంగా లెక్కగట్టి బిల్లు చెల్లించండి. దాన్ని 'ముందస్తు ఖర్చు' అని పక్కకు నెట్టేస్తే ఏ మునిసిపాలిటీ కూడా సొంత డబ్బుతో చేయించదు.

సాధారణంగా ప్రతిపాదన ఎలా తయారవుతుందో మీకు తెలియంది కాదు. గ్రాంటు దరఖాస్తుకు గడువు దగ్గరపడుతుంది. పాత మ్యాపు తీస్తారు. ఏ లైను ఎప్పుడు వేశారో చూసి, అన్నిటికంటే పాతదాన్ని పైన రాస్తారు. ఫిర్యాదులు గట్టిగా వచ్చే వీధులు రెండో మూడో కలుపుతారు. పొడవును యూనిట్ రేటుతో గుణిస్తే ఎస్టిమేట్ తయారు. ఇందులో ఎక్కడా ఎవరూ పైపు మొహం చూడలేదు.

వయసును నమ్ముకోవడం పొరపాటు. 1858 వేసవిలో లండన్‌లోని థేమ్స్ నది కంపు భరించలేక బ్రిటన్ పార్లమెంటు హడావుడిగా చట్టం చేసింది. ఆ తర్వాత ఇంజినీరు జోసెఫ్ బాజల్‌జెట్ లండన్ కింద కట్టించిన ఇటుక సొరంగాలు ఇవాళ్టికీ మురుగును మోస్తున్నాయి. అదే అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఫ్రేజర్ పట్టణంలో 1970లలో వేసిన లైను 2016 డిసెంబరు 24న కూలిపోయింది. పదకొండు అడుగుల వ్యాసం గల పెద్ద లైను అది. పైన రోడ్డు నోరు తెరుచుకుంది, చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించారు. బాగుచెయ్యడానికి సుమారు 7.5 కోట్ల డాలర్లు ఖర్చయింది. ఆ రోడ్డు కిందే, కొంచెం అవతల, 2004లోనూ ఒకసారి కూలింది. మ్యాపు మీద తేదీలు చూసి వరుస పెడితే లండన్ సొరంగం ముందు, ఫ్రేజర్ లైను ఎక్కడో అడుగున ఉంటాయి.

పైపు ఎందుకు పోతుందో తెలిస్తే, తేదీ ఎందుకు చాలదో అర్థమవుతుంది. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవమని కౌన్సిలర్లను కోరుతున్నాను. ఇంజినీర్లకు తెలిసిందే అయినా, ఓటు వేసి పని ఖరారు చేసేది మీరే.

కాంక్రీటు పైపు సంగతి ముందు. నీటి కింద పైపు గోడకు జిగురు పొర పడుతుంది. దాని లోపలికి గాలి అందదు. అక్కడ బతికే బ్యాక్టీరియా మురుగులోని సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. మురుగు నెమ్మదిగా పారినకొద్దీ, ఎక్కువసేపు నిలవ ఉన్నకొద్దీ ఇది పెరుగుతుంది. నీళ్లు ఎక్కడ కుదుపుకు గురవుతాయో అక్కడ ఈ వాయువు బయటపడుతుంది. పంపు ఒత్తిడితో మురుగును తెచ్చే పంపింగ్ మెయిన్ వచ్చి, వాలు మీద పారే గ్రావిటీ లైన్లో పడే మ్యాన్‌హోల్, ఎత్తునుంచి నీళ్లు దూకే చోటు ఇలాంటివే. బయటపడిన వాయువు పైపు పైకప్పుకు పట్టిన చెమ్మలో కరుగుతుంది. అక్కడ కాచుకుని ఉన్న మరో రకం బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం తగిలిన సిమెంటు జిప్సంగా మారి, తడిసిన సున్నంలా రాలిపోతుంది. ఈ పని బ్యాక్టీరియాదేనని మెల్‌బోర్న్‌లో సి.డి. పార్కర్ అనే పరిశోధకుడు 1945లో వెల్లడించాడు. కొన్ని ఆఫీసుల్లో మాత్రం ఇప్పటికీ సిమెంటు నాణ్యత మీదే నెపం వేస్తారు.

దీనివల్ల జరిగేదేమిటంటే, కాంక్రీటు పైపు ముందు పైభాగంలో పోతుంది. మ్యాన్‌హోల్ మూత తీసి తొంగిచూస్తే అడుగున నీళ్లు చక్కగా పారుతూ కనిపిస్తాయి. 'లైను బాగానే ఉంది' అని రాసి వచ్చేస్తారు. పైకప్పు సగం మందం తినేసి ఇనుప చువ్వలు బయటపడ్డా పైనుంచి కనపడదు.

కాల్చిన మట్టితో చేసిన స్టోన్‌వేర్ పైపును ఈ ఆమ్లం ఏమీ చెయ్యలేదు. దాని జబ్బంతా జాయింట్లలో. చిన్న చిన్న ముక్కలు కాబట్టి జాయింట్లు ఎక్కువ. పాత రోజుల్లో సిమెంటు మోర్టార్‌తో మూసినవి కదలడానికి వీల్లేక, నేల కాస్త కుంగితే చిట్లిపోతాయి. చిట్లిన చోట తేమ కోసం చెట్ల వేళ్లు దూరతాయి. భూగర్భజలం పైపు కంటే పైన ఉంటే నీళ్లు లోపలికి ఊరతాయి, వస్తూ వస్తూ మట్టిని తెస్తాయి. ఏళ్ల తరబడి అలా మట్టి పోగా పోగా రోడ్డు కింద బోలు తయారవుతుంది. పైన తారు గట్టిగానే ఉంటుంది, బరువైన లారీ ఒకటి దాని మీదుగా వెళ్లేదాకా. భూగర్భజలం కిందికి దిగిన కాలంలో ప్రవాహం తిరగబడుతుంది. మురుగే బయటికి ఊరి నేలలో ఇంకుతుంది. పక్కనే తాగునీటి లైను ఉండి, అందులో సరఫరా ఆగి ఒత్తిడి పడిపోతే ఆ మురుగు ఎటు వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు.

వీటన్నిటికీ తోడు వాటం, అంటే పైపుకు ఇచ్చే వాలు. మురుగు లైను చాలావరకు గురుత్వాకర్షణ మీదే నడుస్తుంది. నీళ్లు సెకనుకు సుమారు 0.6 మీటర్ల వేగమైనా అందుకోకపోతే ఇసుక, బురద అడుగున కూర్చుంటాయి. పైపు ఒకచోట కుంగి వాటం పోతే అక్కడ ఎంత తీసినా పూడిక మళ్లీ వస్తుంది. అదే వీధిలో అదే మ్యాన్‌హోల్ పదే పదే పొంగుతోందంటే ఎక్కువసార్లు కారణం ఇదే. గట్టి ఒత్తిడితో నీళ్లు చిమ్మి పూడిక తీసే జెట్టింగ్ మెషిన్ ఎన్నిసార్లు పంపినా తీరేది కాదు.

ఇప్పుడు చెప్పండి, ఈ మూడు జబ్బులకూ మందు ఒకటే ఉంటుందా?

ఉండదు. లోపలినుంచి చూడకుండా పని ఎంచుకుంటే వచ్చే నష్టం ఇక్కడే. తవ్వకుండా చేసే మరమ్మతు పద్ధతులు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువగా వాడేది లైనింగ్, అంటే రెజిన్ అనే జిగురు రసాయనంలో నానబెట్టిన మెత్తటి గొట్టాన్ని పాత పైపు లోపలికి పంపి వేడినీటితోనో ఆవిరితోనో అతినీలలోహిత కాంతితోనో గట్టిపడేలా చెయ్యడం. 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ మొదలుపెట్టిన పద్ధతి. రోడ్డు తవ్వక్కర్లేదు, జాయింట్లు ఉండవు, ఆమ్లానికి లొంగదు. నాకు చాలా ఇష్టమైన పద్ధతి. కానీ కుంగిన పైపులో వేస్తే లైనింగ్ కూడా ఆ కుంగులోనే గట్టిపడుతుంది, పూడిక ఎప్పటిలాగే కూర్చుంటుంది. పైపు ఆకారమే చెడిపోయిన చోట, ఒక భాగం కూలిపోయిన చోట తవ్వక తప్పదు. పైపు మరీ చిన్నదై సామర్థ్యం చాలకపోతే, పాతదాన్ని పగలగొడుతూ అదే దారిలో కొంచెం పెద్ద పైపును లాగే పద్ధతి ఉంది. కొన్నిచోట్ల మొత్తం లైనులో రెండు జాయింట్లు మాత్రమే చెడి ఉంటాయి. అక్కడికక్కడే చిన్న లైనింగ్ ముక్క వేస్తే సరిపోతుంది. ఆ సంగతి తెలియక రెండు మ్యాన్‌హోళ్ల మధ్య దూరమంతా కొత్త పైపు వేయించడం ఎవరి డబ్బని?

పరిశీలన అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ముందు లైను శుభ్రం చెయ్యాలి, తర్వాత చక్రాల మీద నడిచే కెమెరాను లోపలికి పంపాలి. మ్యాన్‌హోల్ నుంచి ఎన్ని మీటర్ల దూరంలో ఏ లోపం ఉందో, అది ఎంత తీవ్రమో ఒక పద్ధతి ప్రకారం రాస్తారు. బ్రిటన్‌లో దీనికి 1980లోనే ప్రామాణిక సంకేతాలు తయారుచేశారు. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడ్లుంటాయి, ఐదు అంటే కూలడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఊరంతా ఒకేసారి చెయ్యలేకపోతే, కర్రకు బిగించిన జూమ్ కెమెరాను మ్యాన్‌హోల్లోకి దించి ముందు త్వరగా వడపోయవచ్చు. వాననీళ్ల కలయిక ఎక్కడో తేలాలంటే లైన్లోకి పొగ వదిలి చూస్తారు. డాబా మీది వాననీటి గొట్టాన్ని మురుగు లైనుకు కలిపినవాళ్ల ఇంటి పైనుంచి పొగ లేస్తుంది.

ఇంకా చవకైన పరీక్ష ఒకటుంది. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఊరు నిద్రపోతుంది, నీళ్ల వాడకం బాగా తగ్గిపోతుంది. అప్పుడు లైన్లో పారేది చాలావరకు నేలలోంచి ఊరినదే. ఏ ప్రాంతపు లైన్లో ఆ వేళ ప్రవాహం ఎక్కువో కొలిస్తే, కెమెరా ముందు ఎక్కడికి వెళ్లాలో తెలిసిపోతుంది. నిద్ర మానుకుని ఒక సిబ్బంది బృందం తిరగాలి, అంతే. ఎందుకో ఈ పరీక్ష ప్రతిపాదనల్లో అరుదుగా కనిపిస్తుంది. చవకగా అయిపోవడమే దాని లోపమేమో!

ఫిర్యాదుల రిజిస్టర్ కూడా ఒక పరిశీలనే, చదివేవాళ్లుంటే. మెక్సికోలోని గ్వాడలహారాలో 1992 ఏప్రిల్‌లో మురుగు కాలువల్లోంచి పెట్రోలు వాసన వస్తోందని జనం కొన్ని రోజులుగా చెబుతూనే ఉన్నారు. నీళ్ల పైపు, పెట్రోలు పైపు ఒకదానికొకటి దగ్గరగా ఉండి తుప్పు పట్టి రంధ్రం పడింది, పెట్రోలు మురుగు లైన్లోకి చేరింది. 22వ తేదీన కిలోమీటర్ల పొడవునా వీధులు పేలిపోయాయి. 200 మందికి పైగా చనిపోయారు. ఒక వాసన గురించి వచ్చిన ఫిర్యాదును ఎవరు చూడాలి, ఎంతసేపట్లో చూడాలి అన్న నియమం ప్రతి ఊళ్లోనూ రాసిపెట్టి ఉండాలి. రిజిస్టర్‌లో ఇంకో సంగతి గమనించండి. ఫిర్యాదులు ఎక్కువగా వచ్చే వాడలు వేరు, లైన్లు ఎక్కువగా చెడిన వాడలు వేరు. ఆఫీసు గడప తొక్కడం అలవాటు లేని పల్లపు ప్రాంతాల్లో ఇంటి ముందు మురుగు నిలిచినా అది కాగితం మీదికి ఎక్కదు. గ్రాంటు పంపకం రిజిస్టర్‌ను మాత్రమే నమ్ముకుంటే వాళ్ల వంతు ఎప్పటికీ రాదు. కెమెరాకు ఏ వార్డు ఎవరిదో తెలియదు, దాన్ని పంపమని నేను ఇంతగా పట్టుబట్టడానికి ఇదొక కారణం.

చూశాక వరుస ఎలా పెట్టాలి? పైపు ఎంత చెడింది అన్నదొక్కటే చూడకండి. కూలితే ఏమవుతుంది అన్నదాన్ని దానికి జోడించండి. ఆసుపత్రి ముందు, రైలు పట్టాల కింద, తాగునీటి లైను పక్కన లోతుగా వెళ్లే నాలుగో గ్రేడు పైపు, ఖాళీ స్థలం పక్కనున్న ఐదో గ్రేడు పైపు కంటే ముందు రావచ్చు. ఈ లెక్క అందరికీ కనపడేలా కౌన్సిల్ ముందు పెట్టండి. అప్పుడు 'మా వార్డుకు ఎందుకు రాలేదు' అన్న ప్రశ్నకు సమాధానం కాగితం మీదే ఉంటుంది, కమిషనర్ మొహమాటం మీద ఆధారపడదు.

ఇంకో సలహా. ఊరంతా తలో ముక్క చల్లకండి. ఒక పరీవాహక ప్రాంతాన్ని, అంటే మురుగంతా ఒకే లైన్లోకి చేరే ప్రాంతాన్ని, తీసుకుని అందులో పైపులు, మ్యాన్‌హోళ్లు, ఇళ్లనుంచి వచ్చే కనెక్షన్లు కలిపి పూర్తిచెయ్యండి. ఒక జాయింటు మూస్తే భూగర్భజలం పక్క జాయింటును వెతుక్కుంటుంది. వీధి పైపుకు లైనింగ్ వేసి, ఇంటి కనెక్షన్ పైపును వదిలేస్తే ఊట అటునుంచి వస్తుంది. ఇంటి పైపు సొంత ఆస్తి కాబట్టి గ్రాంటు వాడకూడదని చాలా చోట్ల అంటారు. ఆ నియమాన్ని మార్చమని గ్రాంటు ఇచ్చే శాఖలను కోరుతున్నాను. కనీసం వీధి హద్దు దాకా ఉన్న భాగమైనా చేర్చండి. లేకపోతే మీరు ఇచ్చిన డబ్బుకు సగం ఫలితమే వస్తుంది.

శాఖలతో మాట్లాడే సందర్భం వచ్చింది కాబట్టి ఇక్కడే మరికొంత. అమెరికాలో 1972 స్వచ్ఛ జల చట్టం మురుగునీటి పనుల ఖర్చులో 75 శాతం కేంద్రం గ్రాంటుగా ఇచ్చే ఏర్పాటు చేసింది. దానికి పెట్టిన షరతుల్లో రెండు చెబుతాను. 1973 జూలై 1 తర్వాత గ్రాంటు కావాలంటే, తమ లైన్లలోకి నేలనీరు మితిమీరి ఊరడం లేదని ఊరు చూపించాలి. అది తేల్చే అధ్యయనానికి కూడా గ్రాంటు దొరికేది. రెండోది, నిర్వహణ ఖర్చులో తమ వాటాను వాడుకదారులు చెల్లించే చార్జీల పద్ధతి ఊరు పెట్టుకోవాలి. 1987లో అక్కడ గ్రాంట్ల స్థానంలో రాష్ట్రాలు నడిపే రుణ నిధులు వచ్చాయి. గ్రాంటు మంచిదా రుణం మంచిదా అన్న వాదనలోకి నేను వెళ్లను. చూసి చెప్పు, నడిపే డబ్బు చూపించు అన్న ఆ రెండు షరతులు మాత్రం ఏ దేశపు గ్రాంటుకైనా పెట్టదగినవి. మీ మార్గదర్శకాల్లో పేజీలకొద్దీ షరతులుంటాయి. బోర్డు ఏ సైజులో పెట్టాలో, దాని మీద ఎవరి ఫొటో ఉండాలో కూడా కొన్నిచోట్ల ఉంటుంది. ఈ రెండూ లేని మార్గదర్శకాలు అసంపూర్ణమే.

గడువుల సంగతీ ఆలోచించండి. ఆర్థిక సంవత్సరం చివర మంజూరు చేసి, కొద్ది నెలల్లో ఖర్చు చూపించమంటే ఎవరైనా చేసేది ఒకటే, సులువుగా తవ్వగలిగిన చోట తవ్వడం. చూసి, వరుస పెట్టి, సరైన పద్ధతి ఎంచుకోవడానికి సమయం పడుతుంది. గ్రాంటును రెండు దశలుగా విడదీయండి. మొదటి దశ పరిశీలనకు, రెండోది దాని ఫలితాన్ని బట్టి మరమ్మతుకు. వినియోగ ధ్రువపత్రంలో ఎన్ని మీటర్లు వేశారన్నదే అడుగుతున్నారు. పని తర్వాత రాత్రి ప్రవాహం ఎంత తగ్గిందో, పొంగుళ్లు ఎన్ని తగ్గాయో అని కూడా అడగండి.

మునిసిపాలిటీలకు కాంట్రాక్టు విషయంలో రెండే మాటలు. కెమెరా వీడియోలు, వాటి రిపోర్టులు పురపాలక సంఘం ఆస్తి అని టెండరులోనే రాయండి, ఫైళ్లు చేతికొచ్చాకే బిల్లు ఇవ్వండి. కాంట్రాక్టరు కంప్యూటర్‌లో ఉండిపోయిన వీడియో లేనట్టే. రెండోది, మరమ్మతు అయ్యాక మళ్లీ కెమెరా పంపి చూసి, ఆ తర్వాతే ముగింపు చెల్లింపు చెయ్యండి. లైనింగ్ వేసినప్పుడు ఇళ్ల కనెక్షన్ల నోళ్లు మూసుకుపోతాయి, లోపలినుంచి రోబో కట్టర్‌తో వాటిని తిరిగి తెరవాలి. ఒక్కటి మర్చిపోతే ఆ ఇంట్లోకి మురుగు ఎదురు తంతుంది. అది మర్నాడే తెలుస్తుంది, సరిగ్గా అంటుకోని లైనింగ్ సంగతి మాత్రం కెమెరా పంపితేనే తెలుస్తుంది. ఎక్కువగా వాడే రెజిన్లు గట్టిపడేటప్పుడు స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వస్తుంది. చుట్టుపక్కల ఇళ్లకు ముందుగా చెప్పండి, కిటికీలు, గాలి వచ్చే మార్గాల విషయంలో జాగ్రత్తలు కాంట్రాక్టులో చేర్చండి.

ఇక మనుషుల సంగతి. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుందని అందరికీ తెలుసు. గాలిలో పది లక్షల వంతుల్లో సుమారు వంద వంతులకు చేరేసరికి అది ముక్కును మొద్దుబారుస్తుంది, వాసనే తెలియదు. వాసన పోయిందని ఇంకో మెట్టు దిగినవాడు తిరిగి రాడు. అతన్ని లాగడానికి దిగినవాడూ రాడు. భారతదేశంలో 2013 చట్టం మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను ప్రమాదకరంగా దించి శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. అయినా చావులు ఆగలేదు. గ్రాంటులో జెట్టింగ్, సక్షన్ యంత్రాలకు, గ్యాస్ డిటెక్టర్లకు, వాటిని నడిపేవాళ్ల శిక్షణకు డబ్బు పెట్టండి. పాత లైను మరమ్మతు పేరుతో ఏ కాంట్రాక్టరూ మనిషిని చీకట్లోకి దించకూడదు. ఈ ఒక్క షరతు ఉల్లంఘిస్తే కాంట్రాక్టు రద్దు అని రాయండి. ఇందులో బేరం లేదు.

చివరగా, అందరూ తప్పించుకునే విషయం. గ్రాంటు ఒకసారి వస్తుంది. కొత్త లైనింగ్‌కు కూడా శుభ్రత కావాలి, మళ్లీ కొన్నేళ్లకు కెమెరా కావాలి, పంపులకు కరెంటు బిల్లు కట్టాలి. ఏటా లైన్లలో కొంత భాగాన్ని శుభ్రం చేసి చూసే ఖర్చు మామూలు బడ్జెట్లో లేకపోతే, ఇవాళ బాగుచేసినది మళ్లీ ఇలాంటి గ్రాంటు కోసమే ఎదురుచూస్తుంది. మురుగు చార్జీ పెంచాలంటే ఏ కౌన్సిలర్‌కూ నోరు రాదు, నాకు తెలుసు. పేద ఇళ్లకు మినహాయింపు ఇవ్వండి, ఎక్కువ నీళ్లు వాడే సంస్థల నుంచి ఎక్కువ తీసుకోండి, వచ్చిన డబ్బును వేరే ఖాతాలో పెట్టి ఏడాదికోసారి లెక్క చూపించండి. ఏ లైను చూశారో, ఏది బాగుచేశారో ఆ లెక్కలో ఉంటే జనం కడతారు. లెక్క కనపడని చార్జీ మీదే వాళ్ల గొడవంతా.

వచ్చే కౌన్సిల్ సమావేశంలో ఒక ప్రశ్న అజెండాలో పెట్టించండి: మన లైన్లలో గత పదేళ్లలో లోపలినుంచి చూసినవి ఎన్ని కిలోమీటర్లు, ఆ రిపోర్టులు ఎక్కడున్నాయి? సమాధానం రాతపూర్వకంగా అడగండి. రిపోర్టులు దొరికితే పని ఖరారు చెయ్యండి. దొరక్కపోతే ఈ గ్రాంటు కింద ఇచ్చే మొదటి వర్క్ ఆర్డరు కెమెరా పరిశీలనకే ఉండాలని అదే సమావేశంలో తీర్మానం చెయ్యండి.

ఇట్లు,
మురుగునీటి విభాగంలో పనిచేసిన ఒక రిటైర్డ్ ఇంజినీరు